మ్రోతను కొలిచిన శాస్త్రజ్ఞుడు

క్రొత్తగా కట్టిన ఇంటిలో సామాను చేర్చుటకు ముందు మాటలాడినచో గదులు మ్రోగును. పలికిన మాట నోట వెడలిన తరువాత కూడ గోడల నడుమ తిరుగుచు, తరువాతి మాటతో కలిసిపోవును. అదే గదిలో మంచములు, పరుపులు, బట్టల బీరువాలు చేరిన పిదప ఆ మ్రోత అణగిపోవును. ఈ వింతను అందరును ఎరుగుదురు. కాని ఆ మ్రోత యెంత, అది యెందువలన తగ్గును, ఎంత తగ్గును అని చిరకాలము వరకు లెక్క కట్టినవారు లేకుండిరి. 19వ శతాబ్దపు చివరి సంవత్సరములలో అమెరికా దేశమున ఒక యువ అధ్యాపకుడు ఈ పనికి పూనుకొనెను. అతడే వాలెస్ క్లెమెంట్ సేబైను. నేడు ఇంటిలో ఒక చిన్న గదిని కంఠస్వరము రికార్డు చేయుటకు సిద్ధపరచుకొనువారు, తెలిసియో తెలియకయో, అతడు వేసిన బాటనే నడచుచున్నారు.

సేబైను 1868వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి రిచ్‌వుడ్ అను చిన్న ఊరిలో జన్మించెను. అతని తల్లి దృఢసంకల్పము గల స్త్రీ. బిడ్డల విద్యాభివృద్ధియే ఆమెకు పరమావధి. ఆమె క్రమశిక్షణలో పెరిగిన సేబైను పదునెనిమిదవ యేటనే, అనగా 1886లో, ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున పట్టభద్రుడయ్యెను. పిదప బోస్టన్ నగరమునకు చేరువనున్న కేంబ్రిడ్జ్ పట్టణములోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, 1888లో ఎం.ఏ. పట్టము నందుకొనెను. 1890లో అక్కడనే బోధకుడుగా నియమింపబడెను. పరిశోధన చేసి పొందు డాక్టరు పట్టము అతనికి లేదు. ప్రకటించిన పరిశోధనలు కూడ కొద్దియే. విద్యార్థులకు పాఠము చక్కగా బోధించుట, ప్రయోగములను తప్పులేకుండ చేయించుట, ఈ రెండే అతని ముఖ్య వ్యాసంగములు.

1895లో హార్వర్డ్‌నందు ఫాగ్ కళాప్రదర్శనశాల అను సుందరమైన భవనము వెలసెను. అందులో ఉపన్యాసములకై ఒక విశాలమైన శాలను గూడ కట్టిరి. భవనము చూచుటకు ఇంపుగ నుండెను గాని, శాలలో ఉపన్యాసము మొదలైన వెంటనే దాని దోషము బయటపడెను. వెనుక కూర్చున్నవారికి మాత్రమే కాదు, ముందు కూర్చున్నవారికి సైతము మాటలు తెలియకుండెను. సాధారణ కంఠముతో పలికిన ఒక్క మాట ఆ ఖాళీ శాలలో సుమారు 5½ సెకండ్ల కాలము వినబడుచుండెను. ఎంత నిదానముగ మాటలాడు వక్తయైనను అంతలో మరి పండ్రెండు పదునైదు అక్షరములు పలుకును గదా! ఆ అక్షరములన్నియు ఒకదానిపై నొకటి పడి, అర్థము లేని ఘోషగా మారుచుండెను. విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ ఈ దోషమును సవరింపుమని సేబైనును కోరెను. అప్పటికి సేబైను వయస్సు ఇరువదియేడేండ్లు.

ఇచ్చట ఒక విషయము గ్రహింపవలెను. ధ్వని వాయువులో సెకండుకు సుమారు 340 మీటర్లు పయనించును. దూరమున నున్న కొండకో గోడకో తగిలి, కొంత ఆలస్యముగ, విడిగ వినబడునట్లు తిరిగి వచ్చిన ధ్వనిని ప్రతిధ్వని యందుము. మూసియున్న గదిలో అట్లు కాదు. ధ్వని ఒక గోడనుండి మరియొక గోడకు, కప్పునుండి నేలకు అనేక పర్యాయములు తాకి తిరుగుచుండును. ఆ తరంగములు వేరు వేరుగ వినబడక, ఒక్క మ్రోతగా సాగి క్రమముగ క్షీణించును. దీనిని ప్రతినాదము అందురు. ఫాగ్ శాలను పీడించినది ఈ ప్రతినాదమే.

ఆ కాలమున శాలలను కట్టు శిల్పులకు ఈ విషయమున నిశ్చితమైన జ్ఞానము లేకుండెను. పొడవు, వెడల్పు, ఎత్తులు ఫలానా నిష్పత్తిలో నుండిన చాలునని కొందరు నమ్మిరి. కప్పు క్రింద సన్నని తీగలను కట్టినచో అవి ధ్వనిని చీల్చి మ్రోతను పోగొట్టునని మరికొందరు నమ్మి, తీగలను కట్టించిరి. ఆ తీగలవలన ప్రయోజనము శూన్యమని పిమ్మట సేబైను తేల్చి చెప్పెను.

సేబైను మొదట కంటితో చూడదగిన సాధనములను ప్రయత్నించెను. ధ్వనికి చలించు గ్యాసు జ్వాలను దుర్భిణితో పరిశీలించెను. అది తృప్తికరముగ లేకపోవుటచే దానిని విడిచి, మానవుని చెవికంటె సూక్ష్మమైన సాధనము మరియొకటి తనకు దొరకదని నిశ్చయించుకొనెను. సెకండుకు 512 కంపనములు చేయు ఒక ఆర్గన్ గొట్టమును అమర్చి, దానిని మ్రోగించి, హఠాత్తుగ గాలిని ఆపివేయుచుండెను. ఆ క్షణమును కాలమాపక యంత్రము గుర్తించును. అటుపై అతడు చెవి యొగ్గి, మ్రోత పూర్తిగ అణగిన క్షణమున మీట నొక్కుచుండెను. నడుమ గడచిన కాలమే ప్రతినాద కాలము.

పగటివేళ వీథులలో బండ్ల చప్పుడు, ట్రాముల రొద ఈ ప్రయోగమును సాగనీయకుండెను. కావున లోకము నిద్రించు వేళ, నడిరేయి దాటిన పిమ్మట, అతడు పని ప్రారంభించుచుండెను. హార్వర్డ్‌లోనే శాండర్స్ థియేటరను మరియొక శాల గలదు. అందు మాట స్పష్టముగ వినబడునని ప్రసిద్ధి. ఆ శాలలోని ఆసనములపై పరచు మెత్తలను సేబైనును అతని సహాయకులును మోసికొని వచ్చి, ఫాగ్ శాలలో కొన్ని కొన్నిగా పరచి కొలుచుచుండిరి. తెల్లవారకమునుపే వాటిని యథాస్థానమునకు చేర్చుచుండిరి. మెత్తలు పెరిగిన కొలది ప్రతినాద కాలము తగ్గజొచ్చెను. ఆసనములపైనే గాక నడవలందును, వేదికపైనను, వెనుక గోడ పొడుగునను వాటిని నింపినప్పుడు 5½ సెకండ్ల మ్రోత ఒక సెకండుకు కొంచెము మించిన కాలమునకు దిగెను.

ఈ ప్రయోగములు సాగుచుండగా అతనికి ఒక కఠిన పరీక్ష ఎదురయ్యెను. కొన్ని ఫలితములు ఒకదానితో నొకటి పొందకుండెను. కారణమును వెదకగా, అది తన వంటిపైనే యున్నదని తెలిసెను. అతడు ధరించిన దుస్తులు కూడ మెత్తలవలెనే ధ్వనిని త్రాగుచుండెను. ఒకనాడు దళసరి కోటు, మరియొకనాడు పలుచని చొక్కా ధరించుటచే కొలతలు కొంచెము మారుచుండెను. ఆ భేదము స్వల్పము. మరియొకరైనచో ఉపేక్షించి యుందురు. కాని ఏనాడు ఏ దుస్తులు ధరించినదియు వ్రాసి పెట్టుకొనలేదు గనుక ఆ కొలతలను సవరించుటకు మార్గము లేదు. మాసముల తరబడి నిద్ర మాని సేకరించిన వేలకొలది కొలతలను సేబైను త్రోసిపుచ్చి, పనిని మొదటినుండి ప్రారంభించెను. అప్పటినుండి ప్రయోగసమయమున ఎల్లప్పుడు ఒకే విధమైన దుస్తులు ధరించుచు వచ్చెను.

ఈ శ్రమ ఫలించెను. రోమములను అదిమి చేసిన దళసరి వస్త్రమును ఫాగ్ శాల గోడలకు తగినంత అమర్చుటచే 1898లో ఆ శాల ఉపన్యాసములకు పనికి వచ్చునదయ్యెను. అది సర్వోత్తమమైన శాల కాలేదు. కాని వక్త మాట శ్రోతకు తెలియజొచ్చెను.

ఆ సంవత్సరమే అంతకంటె బరువైన బాధ్యత అతనిని వెదకుకొని వచ్చెను. బోస్టన్ వాద్యబృందమును స్థాపించి పోషించుచున్న హెన్రీ లీ హిగ్గిన్‌సన్ ఆ బృందమునకై ఒక నూతన సంగీతశాలను కట్టింపదలచెను. సలహాకై ఎలియట్ సేబైను పేరు సూచించెను. సేబైను వెంటనే అంగీకరింపలేకపోయెను. కట్టిన శాలకు మెత్తలు వేసి బాగుచేయుట వేరు. ఇంకను కట్టని శాలలో సంగీతమెట్లు వినబడునో ముందుగ చెప్పుట వేరు. అందుకు ఒక నియమము కావలెను. తన పుస్తకములలో అంకెలు రాసులుగ నున్నను నియమము మాత్రము కనబడకుండెను. తప్పు చెప్పినచో అపారమైన ధనమును, ఒక నగరపు ఆశయు వ్యర్థమగును.

అతడు ఆ అంకెల నెదుట కూర్చుండి దీర్ఘముగ ఆలోచించెను. ధ్వనిని త్రాగునవి మెత్తలు మాత్రమే కావు. ఖాళీ శాలయొక్క గోడలును, కప్పును, నేలయు కూడ కొంత త్రాగును. ఆ భాగమును గూడ మెత్తల లెక్కకు చేర్చి రేఖాచిత్రము గీయగా, గణితశాస్త్రమున లంబ అతిపరావలయ మనబడు వక్రరేఖ తేటగా బయటపడెను. మొత్తము శోషణమును ప్రతినాద కాలముచే గుణించినచో ఆ శాలకు ఎల్లప్పుడు ఒకే సంఖ్య వచ్చును. తనతో నివసించుచున్న తల్లికి ఆ రాత్రి అతడు ఈ సంతోషవార్తను పరుగున వచ్చి చెప్పెనని అందురు. మరునాడు సంగీతశాల బాధ్యతను స్వీకరించుటకు అతనికి ధైర్యము కలిగెను.

ఈ నియమము మిక్కిలి సులభమైనది. తెరచిన కిటికీలోనుండి వెడలిన ధ్వని గదిలోనికి తిరిగి రాదు. కావున 1 చదరపు మీటరు తెరచిన కిటికీని సేబైను కొలబద్దగా గ్రహించెను. సిమెంటుతో కట్టిన ఇటుక గోడ తనపై పడిన ధ్వనిలో నూటికి రెండున్నర పాళ్లు మాత్రమే త్రాగును. గాజు సుమారు మూడు పాళ్లు త్రాగును. ఆసనములలో దగ్గరగ కూర్చున్న జనసమూహము నూటికి 96 పాళ్లు త్రాగును. ఇట్టి శోషణములన్నిటిని కూడవలెను. పిదప గదియొక్క ఘనమీటర్లను సుమారు 0.16చే గుణించి, ఆ మొత్తముచే భాగించినచో ప్రతినాద కాలము సెకండ్లలో వచ్చును. మ్రోత తన మొదటి బలములో పది లక్షలవ వంతుకు దిగుటకు పట్టు కాలమే ఇది. శోషణమును కొలుచు మానమునకు తరువాతి శాస్త్రజ్ఞులు అతని పేరే పెట్టి గౌరవించిరి.

నూతన సంగీతశాలకు జర్మనీలో లైప్జిగ్ నగరమందున్న అప్పటి గెవాండ్‌హౌస్ శాల ఆదర్శముగ నుండెను. అయితే బోస్టన్‌లో అంతకంటె ఎక్కువమంది శ్రోతలు కూర్చుండవలెను. దానినే అన్ని వైపుల పెంచి కట్టినచో ప్రతినాదము మితిమీరునని సేబైను లెక్కలు తెలిపెను. అందుచే శాలను ఇరుకుగను పొడవుగను నిలిపి, రెండు వరుసల మేడలను అమర్చి, అందరికిని చోటు కల్పించిరి. నిండిన శాలలో 2.3 సెకండ్ల ప్రతినాదముండునని అతడు లెక్క కట్టెను. 1900వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన శాలను ప్రారంభించిరి. ఒక శాస్త్రనియమమును ముందుగ అనుసరించి కట్టిన మొదటి సంగీతశాల ఇదియే.

అయినను మొదటి దినములలో అందరును మెచ్చుకొనలేదు. పాత శాలకు అలవాటుపడిన కొందరు విమర్శకులు సంగీతము పలుచగ నున్నదని పెదవి విరిచిరి. సేబైను నొచ్చుకొనెను గాని వాదమునకు దిగలేదు. తన ప్రయోగశాలకు మరలి పని సాగించెను. కాలము గడచిన కొలది ఆ శాల కీర్తి పెరిగి, ప్రపంచమందలి ఉత్తమ సంగీతశాలలలో ఒకటిగ గణనకెక్కెను. తరువాతి కాలమున సూక్ష్మయంత్రములతో కొలువగా, నిండిన శాలలో ప్రతినాదము 1.9 సెకండ్లకు చేరువగ తేలినది. అతని అంకె కొంత సవరింపబడినను అతని నియమము నిలిచినది.

సేబైను మొదట ఒక్క స్వరముతోనే ప్రయోగించియుండెను. పిదప సెకండుకు 64 కంపనముల గంభీర స్వరము మొదలు 4,096 కంపనముల తీక్ష్ణ స్వరము వరకు పరీక్షించి, 1906లో ఫలితములను ప్రకటించెను. ఒకే వస్తువు అన్ని స్వరములను ఒకే తీరున త్రాగదని ఇందు స్పష్టమయ్యెను. పలుచని వస్త్రము తీక్ష్ణ స్వరములను త్రాగి, గంభీర స్వరములను విడిచివేయును. దళసరి వస్తువు రెంటిని ఎక్కువగ త్రాగును. 1913 ప్రాంతమున అతడు నాటకశాలల చిన్న నమూనాలను చేసి, విద్యుత్ స్ఫులింగ సహాయమున ధ్వనితరంగములు గోడలకు తాకి మరలుటను ఛాయాచిత్రములుగ తీసెను. కంటికి కనబడని ధ్వని మార్గము ఆ చిత్రములలో కన్నులకు గట్టెను.

మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు సేబైను ఫ్రాన్సుకు పోయెను. అక్కడ జబ్బుపడియు విశ్రమింపక, మిత్రరాజ్యముల విమానదళములకు శాస్త్రసహాయ మొనర్చెను. స్వదేశమునకు వచ్చిన పిమ్మటను ప్రభుత్వమునకు విమాన విషయములలో తోడ్పడుచు, హార్వర్డ్‌లో పాఠములను గూడ మానలేదు. మూత్రపిండముల వ్యాధికి శస్త్రచికిత్స అవసరమైనను యుద్ధకార్యము ముగియువరకు దానిని వాయిదా వేయుచు వచ్చెను. ఆ జాగు ప్రాణముమీదికి తెచ్చెను. 1919 జనవరి 10వ తేదీన, ఏబదియవ యేట, అతడు కన్నుమూసెను. ధ్వనిపరిశోధనకై ఇల్లినాయి రాష్ట్రమున అతని కొరకే ఒక ప్రయోగశాల సిద్ధమైయుండెను. అందు పనిచేయు భాగ్యము అతనికి కలుగలేదు. అతని జ్ఞాతియైన పాల్ సేబైను ఆ పనిని కొనసాగించెను.

పెద్ద శాలలకై పుట్టిన ఈ జ్ఞానము చిన్న గదికిని ఉపకరించును. నేడు పాఠములను, పద్యములను, కథలను ఇంటిలోనే రికార్డు చేయువారు పెక్కురు. మన చెవి కొంత మ్రోతను సహించి మాటను వేరుచేసికొనును. మైక్రోఫోను అట్లు చేయలేక మాటను మ్రోతను కలిపి గ్రహించును. 3½ మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల వట్టి గది నొకదానిని తలచుకొనుడు. దాని గోడలు, కప్పు, నేల కలిసి 60 చదరపు మీటర్లు. అవి నూటికి మూడు పాళ్లు త్రాగునవైనచో ప్రతినాదము 2.8 సెకండ్లుండును. అందు సగము ధ్వనిని త్రాగు దళసరి బొంతలను 5 చదరపు మీటర్లు వ్రేలాడదీసినచో 1.2 సెకండ్లకు దిగును. 10 చదరపు మీటర్లైనచో 0.8 సెకండ్లు, 15 అయినచో 0.6 సెకండ్లు అగును. మొదటి బొంతలవలన కలిగిన మేలు తరువాతి బొంతలవలన కలుగలేదు చూడుడు! సేబైను కనుగొనిన వక్రరేఖ చెప్పునది ఇదియే. ఇంత చిన్న గదిలో ఈ లెక్క స్థూలమైనదే యైనను, దారి చూపుటకు చాలును.

కావున పలుచని తెర నొకదానిని కట్టి తృప్తిపడరాదు. అది తీక్ష్ణ స్వరములను మాత్రము త్రాగి, గదిలో గుమగుమ శబ్దమును మిగుల్చును. గ్రుడ్ల అట్టలను గోడలకు అంటించుట పూర్వపు తీగల వంటి నమ్మకమే. వాటివలన లాభము మిక్కిలి తక్కువ. పరుపులు, దళసరి బొంతలు, రగ్గులు, బట్టలతో నిండిన బీరువా, ఇవి నిజముగ పనిచేయును. ఎదురెదురుగ వట్టి గోడలు రెండున్నచో చప్పట్లు కొట్టినప్పుడు గలగలమను మ్రోత వినబడును. వాటిలో ఒకదానినైన కప్పవలెను. మాటలాడువాని వెనుకను ప్రక్కలను బొంతలు కట్టి, మైక్రోఫోనును నోటికి జానెడు దూరమున నుంచినచో, మాట బలముగను మ్రోత బలహీనముగను అందును. అయితే బొంతలు గదిలోని మ్రోతను తగ్గించునే గాని, వీథిలోని రొదను లోనికి రాకుండ ఆపజాలవు. దానికి తలుపుల సందులు మూయుట, రాత్రివేళను ఎంచుకొనుట తగిన ఉపాయములు. సేబైను గూడ నడిరేయినే ఎంచుకొనెను గదా!

సేబైను వాడిన వస్తువులు ఆసనముల మెత్తలు, ఒక ఆర్గన్ గొట్టము, తన రెండు చెవులు. వాటితో అతడు ఒక నూతన శాస్త్రమునకు పునాది వేసెను. దానికి కారణము వస్తువుల గొప్పతనము కాదు. ఒక కోటు వలన కలిగిన స్వల్పమైన తేడాను గూడ క్షమింపక, వేల కొలతలను వదలుకొని, మరల మొదటి రాత్రినుండి ప్రారంభింపగలిగిన సత్యనిష్ఠయే దానికి మూలము.